చివరి పేజీ ముందు చూడకండర్రా

పిల్లలూ,

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకటే గొడవ, "ఇప్పటి సిరీస్‌లలో ఎపిసోడ్‌కో ట్విస్టు ఉంటుంటే నీ ఎనభై ఏళ్ల నాటి క్రైమ్ నవలల్లో ఇంకేముంటుంది పెద్దమ్మా" అని. ఫోన్లో చెబితే మధ్యలో లేచిపోతారు కాబట్టి రాస్తున్నాను.

చివర్లో ఎవరో ఊహించనివాడు తలుపు తోసుకొచ్చి "నేనే చంపాను" అంటే దాన్ని మీరు ట్విస్టు అంటున్నారు. ఆ రకంవి నేనూ బోలెడు చదివాను, చదివిన వారానికి ఒక్కటీ గుర్తులేదు. మంచి పాత నవలల్లో చివర బయటపడే సంగతి మొదటి అధ్యాయంలోనే మన ముందు కూర్చుని ఉంటుంది, రచయిత మన చూపుని పక్కకి మళ్లిస్తాడంతే. ఎలా మళ్లించాడో పట్టుకోవడంలోనే నాకు మజా.

కార్నెల్ వూల్‌రిచ్ అని ఒకాయన విలియం ఐరిష్ అనే మారుపేరుతో 1942లో 'ఫాంటమ్ లేడీ' రాశాడు. ఒకతను పెళ్లాంతో పోట్లాడి బయటికొస్తాడు, బార్‌లో గుమ్మడిపండు రంగు టోపీ పెట్టుకున్న ఒకామె కనిపిస్తే మాట కలుపుతాడు, పేర్లు చెప్పుకోకూడదని ఒప్పందం చేసుకుని ఇద్దరూ భోంచేసి, షో చూసి, ఎవరి దారిన వాళ్లు పోతారు. ఇంటికొచ్చేసరికి లోపల పోలీసులు! భార్యని ఎవరో ఇతని టైతోనే గొంతు బిగించి చంపేశారు. ఇతను ఆ టైములో ఎక్కడున్నాడో చెప్పగలిగింది ఆ టోపీ ఆవిడే, తీరా చూస్తే ఆవిడ్ని చూశామని ఒక్కరూ అనరు, బార్‌లో వాడు కూడా "నువ్వొక్కడివే వచ్చావు కదా" అంటాడు. ఇప్పుడు వెనక్కెళ్లి మొదటి అధ్యాయం పేరు చూడండి, మరణశిక్షకి 150 రోజుల ముందు అని ఉంటుంది. హత్య జరిగిందని మనకి తెలియకముందే శిక్షకి లెక్క మొదలైపోయింది! అక్కణ్ణించి అధ్యాయం మారినప్పుడల్లా రోజులు తరిగిపోతుంటాయి, మనకి టెన్షన్ పెరిగిపోతుంటుంది, ఆవిడ దొరుకుతుందా లేదా అన్న ఆదుర్దాలో పడి ఇంకేదీ పట్టించుకోం. వూల్‌రిచ్ కథల్లో లాజిక్కు అక్కడక్కడా బెడిసికొడుతుంది, అది నిజమే. అప్పట్లో చవక పత్రికలు మాటకింతని లెక్కగట్టి డబ్బులిచ్చేవి, అలా రాసి బతికినవాళ్లకి వెనక్కి తిరిగి చూసుకునే తీరిక ఎక్కడిది? నేనైతే క్షమించేశాను.

ఇంకోటి, ఐరా లెవిన్ 1953లో రాసిన 'ఎ కిస్ బిఫోర్ డయింగ్'. ఇరవైల్లో ఉన్న కుర్రాడు రాసిన మొదటి నవలంటే నమ్మబుద్ధి కాదు. మొదటి భాగమంతా హంతకుడి పక్కనే తిరుగుతాం, వాడి ఆశలు, లెక్కలు, చెమటలు అన్నీ తెలుస్తాయి, పేరు మాత్రం తెలియదు, ఎక్కడ చూసినా 'అతను' అనే. రెండో భాగంలో చచ్చిపోయిన పిల్ల అక్క వచ్చి వెతకడం మొదలెట్టగానే కుర్రాళ్లు ఒక్కొక్కరే తగులుతారు, వీళ్లలో మన 'అతను' ఎవడో మనకీ తెలియదు. వాడి మనసంతా చదివేసి కూడా ఎదురుపడితే గుర్తుపట్టలేం చూశారా! కాగితం మీద తప్ప ఇది కుదరదు. సినిమాలో మొహం చూపించాలి కదా, అందుకే ఇదే కథ ఆధారంగా 1993లో 'బాజీగర్' తీసినవాళ్లు ఆ కిటుకు వదిలేసుకోవాల్సి వచ్చింది.

హంతకుడే కథ చెప్పే నవలలు కూడా ఉన్నాయి. జేమ్స్ ఎం. కెయిన్ 'డబుల్ ఇండెమ్నిటీ'లో చెప్పేవాడు ఇన్సూరెన్స్ ఏజెంటు. రైలు ప్రమాదంలో పోతే రెట్టింపు సొమ్మొస్తుందని ఒకావిడతో కలిసి ఆవిడ మొగుణ్ణి చంపడానికి ప్లాన్ వేస్తాడు. 1927లో న్యూయార్క్‌లో నిజంగా జరిగిన కేసు చూసి రాశాడు. చదువుతూ చదువుతూ వీళ్లు దొరక్కూడదు భగవంతుడా అని మనమే అనుకుంటుంటాం, అదీ దీంట్లో దెబ్బ.

ఈ నవలల్లో ఆడవాళ్లంటే చాలావరకు మోసగత్తెలే, నల్లవాళ్ల గురించి వాడే మాటలు చదువుతుంటే ఒళ్లు మండుతుంది, ఇది దాచను. అందుకే డొరొతీ బి. హ్యూస్ 1947లో రాసిన 'ఇన్ ఎ లోన్లీ ప్లేస్' మీచేత చదివించాలని నా పట్టు. ఆడవాళ్లని చంపేవాడి బుర్రలో కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న ఆడవాళ్లు వాణ్ణి ఎంత జాగ్రత్తగా గమనిస్తున్నారో వాడికి కనపడకుండా మనకి చూపిస్తుంది. మా మంచి రచయిత్రి.

మా తరం ఈ దారి పట్టింది మాత్రం కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజుల వెనకాలే. తర్వాత మద్రాసు సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్లో, అదే 1985లో కాలిపోయిందే, అక్కడ జేమ్స్ హాడ్లీ ఛేజ్ గుట్టలుగుట్టలుగా దొరికేవాడు. ఆయన లండన్‌వాడు, అమెరికా పటాలూ అక్కడి స్లాంగ్ నిఘంటువూ ముందు పెట్టుకుని అమెరికా కథలు రాశాడు! జిగురు ఎండిపోయి వెనక ఆకులు ఊడిపోయేవి కాబట్టి కొనేముందు చివరి ఆకు ఉందో లేదో చూసుకోవాలి, అందులో ఏముందో చదవకూడదు, అదొక విద్య. అద్దె లైబ్రరీ పుస్తకాలతో ఇంకో బాధ, ఎవడో పుణ్యాత్ముడు మొదట్లోనే ఒక పేరు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి 'వీడే' అని రాసేవాడు. ఒక పుస్తకంలో కావాలనే తప్పు పేరుకి చుట్టాడు, నేను చివరిదాకా పాపం ఒక అమాయకుణ్ణి అనుమానిస్తూ కూర్చున్నాను. అంత గొప్ప ట్విస్టు రచయిత కూడా ఇవ్వలేదు.

జనవరిలో మన చెన్నై బుక్ ఫెయిర్‌కి వెళ్తే వెతకండి. కొత్త ఎడిషన్లు కొంటే ముందుమాట చివర్లో చదవండి, అవి రాసే పండితులకి నోరాగదు. అట్ట వెనక కూడా చూడొద్దు, వికీపీడియా అసలొద్దు. ఒక్క ఊపులో, రెండు రాత్రుల్లో ముగించి, పుస్తకం మూయకుండా మళ్లీ మొదటి అధ్యాయం తీయండి. "ఇది ఇక్కడే రాసిపెట్టాడా!" అని మీరే తల కొట్టుకుంటారు.

లెవిన్ పుస్తకం నా దగ్గర ఒక్కటే కాపీ ఉంది, బీరువా కింది అరలో, పెద్దాడా నువ్వు ముందు చదువు. అయితే చదివాక చిన్నదాని ఎదుట మొహం మామూలుగా పెట్టుకోవాలి సుమా, నీ నవ్వు చూస్తే అది ఇట్టే పట్టేస్తుంది.

మీ పెద్దమ్మ
వెస్ట్ మాంబళం