రాజు గుండెను మోసిన వంశం రాజు కత్తికి ఎందుకు బలైంది?

1452 ఫిబ్రవరి 22న స్టిర్లింగ్ కోటలో స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ తన అతిథిని స్వయంగా కత్తితో పొడిచాడు. ఆ అతిథి ఎనిమిదో డగ్లస్ ఎర్ల్ విలియం (ఎర్ల్ అంటే పెద్ద ప్రభువుల హోదా). ప్రాణానికి హామీ ఇస్తూ రాజు పంపిన అభయపత్రాన్ని నమ్ముకునే కోటకు వచ్చాడు. రాజు చేతి దెబ్బ పడగానే ఆస్థానికులూ మీదపడ్డారు. ఒంటి మీద 26 గాయాలున్నాయని ఆ కాలపు వృత్తాంతం చెబుతుంది. కొన్నాళ్లకు ఎర్ల్ తమ్ముడు మనుషులతో వచ్చి, ఆ అభయపత్రాన్ని చెక్కకు కొట్టి గుర్రం తోకకు కట్టి స్టిర్లింగ్ వీధుల్లో ఈడ్పించాడు. అదే ఏడాది జూన్‌లో పార్లమెంటు రాజు తప్పేమీ లేదని తేల్చేసింది.

పొడిచినవాడు ఇంగ్లండ్‌తో పోరాడిన స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ వంశంలో ఆరో తరం. పోయినవాడు అదే బ్రూస్‌కు కుడిభుజంగా నిలిచిన సర్ జేమ్స్ డగ్లస్ మునిమనవడు. గొడవకు మూలం ఆ ముత్తాత దగ్గరే ఉంది.

జేమ్స్ 1286 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి విలియం డగ్లస్ 1296లో బెర్విక్ కోటకు అధిపతి. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఆ ఊరి జనాన్ని ఊచకోత కోసినప్పుడు అతను కోటలోనే ఉన్నాడు. మరుసటి ఏడాది అతను, ఇంగ్లండ్ మీద విలియం వాలెస్ అనే స్కాట్ యోధుడు లేపిన తిరుగుబాటులో కలిశాడు. పట్టుబడి లండన్ టవర్‌లో ఖైదీగానే చనిపోయాడు. వాళ్ల భూములు రాబర్ట్ క్లిఫర్డ్ అనే ఇంగ్లిష్ ప్రభువుకు పోయాయి. పిల్లవాడు పారిస్‌లో కొంతకాలం ఉండి, తిరిగొచ్చి సెయింట్ ఆండ్రూస్ బిషప్ లాంబర్టన్ దగ్గర అనుచరుడిగా చేరాడు. 1304లో బిషప్ అతన్ని ఎడ్వర్డ్ ముందు నిలబెట్టి, వీడి తండ్రి భూములు వీడికి ఇప్పించమని అడిగాడట. తండ్రి పేరు వినగానే ఎడ్వర్డ్ కుదరదు పొమ్మన్నాడు. రెండేళ్లకు బ్రూస్ పట్టాభిషేకానికి వెళ్తుంటే దారిలో కలిసి, తనను తాను అప్పజెప్పుకున్నాడు జేమ్స్. నా దృష్టిలో అతని జీవితానికి తాళంచెవి ఆ తిరస్కారమే. స్వరాజ్యం సంగతి తర్వాత, ముందు తండ్రి ఇల్లు వెనక్కి రావాలి.

ఆ కసి 1307లో బయటపడింది. మట్టల ఆదివారం నాడు డగ్లస్ కోటలోని ఇంగ్లిష్ సైనికులు సెయింట్ బ్రైడ్ చర్చిలో ప్రార్థనలో ఉండగా జేమ్స్ మనుషులు మీదపడ్డారు. తర్వాత కోటలో సైనికుల కోసం వండిపెట్టిన భోజనం తామే తిన్నారు. మోయగలిగినంత మోసుకుని, మిగిలిన పిండి, గోధుమలు, మాల్ట్, ద్రాక్షసారా అన్నీ నేలమాళిగలో కుప్పపోసి, పట్టుబడ్డవాళ్ల తలలు ఆ కుప్ప మీదే నరికారు. బావిలో ఉప్పూ, చచ్చిన గుర్రాలూ పడేసి, కోటకు నిప్పు పెట్టి వెళ్లిపోయారు. తన సొంత కోటకే! ఇది ‘డగ్లస్ కొట్టుగది’గా స్కాట్లాండ్ చరిత్రలో నిలిచిపోయింది. ఈ వివరాలన్నీ 1370లలో జాన్ బార్బర్ అనే మతాధికారి రాసిన కావ్యంలోవి. అతను జేమ్స్‌ను ఆకాశానికెత్తిన కవి, అయినా దీన్ని దాచలేదు. స్కాట్‌లకు ‘మంచి సర్ జేమ్స్’, ఇంగ్లిష్ వాళ్లకు ‘నల్ల డగ్లస్’ ఎందుకయ్యాడో ఈ ఒక్క రోజు చాలు చెప్పడానికి.

1314 ఫిబ్రవరిలో, భస్మ బుధవారానికి ముందు రాత్రి, ఇంగ్లిష్ వాళ్ల చేతిలో ఉన్న రాక్స్‌బరా కోటలో విందు సాగుతోంది. జేమ్స్ మనుషులు నల్లని దుప్పట్లు కప్పుకుని చీకట్లో పశువుల్లా పాకుతూ గోడ దగ్గరికి చేరారు. లెడ్‌హౌస్ సిమ్ అనే అతను తయారుచేసిన తాళ్ల నిచ్చెనకు ఇనుప కొక్కేలున్నాయి. వాటిని ఈటెతో పైకెత్తి గోడకు తగిలించి ఎక్కేశారు. అదే ఏడాది జూన్‌లో, బ్రూస్ ఇంగ్లిష్ సైన్యాన్ని ఓడించిన బానక్‌బర్న్ యుద్ధం జరిగింది.

అసలు చిక్కు యుద్ధాల్లో కాదు, వాటికి దక్కిన ప్రతిఫలంలో ఉంది. 1322లో ఇంగ్లిష్ సైన్యంతో బైలాండ్ దగ్గర జరిగిన పోరులో జేమ్స్ ముగ్గురు ఫ్రెంచ్ నైట్లను (గుర్రపు యోధులను) పట్టుకున్నాడు. వాళ్ల విడుదలకు పెద్ద మొత్తం రాబట్టవచ్చు. ఫ్రాన్స్‌తో స్నేహం కోసం బ్రూస్ వాళ్లను ఊరికే వదిలేశాడు. ఆ నష్టానికి బదులుగా 1324లో జేమ్స్ వేలికి పచ్చ పొదిగిన ఉంగరం తొడిగి ‘మరకత పట్టా’ రాసిచ్చాడు. దాంతో తన భూముల్లో నేరాలను విచారించే అధికారం డగ్లస్‌దే అయింది, రాజుకు చేయాల్సిన సామంత సేవల నుంచీ మినహాయింపు దక్కింది. సరిహద్దు కాయడానికి అలాంటి మనిషి కావాలి నిజమే. కానీ అధికారం మనిషితో పోదు, కొడుకులకు వస్తుంది. రాజ్యంలో రాజ్యానికి పునాది పడింది అక్కడే అంటాను.

బ్రూస్ 1329 జూన్ 7న పోయాడు. తన గుండెను క్రూసేడుకు, అంటే ముస్లింల మీద క్రైస్తవుల మతయుద్ధానికి, తీసుకెళ్లమన్న కోరిక మేరకు జేమ్స్ దాన్ని వెండి పెట్టెలో మెడకు తగిలించుకుని బయల్దేరాడు. స్పెయిన్‌లో కాస్టిల్ రాజు పక్షాన గ్రెనడా ముస్లిం సైన్యంతో పోరాడుతూ 1330 ఆగస్టులో టేబా దగ్గర చనిపోయాడు. గుండెను శత్రువుల మధ్యకు విసిరి దాని వెంట దూకాడన్న కథ తర్వాతి తరాలది. ఎముకలు ఇంటికి తేవడానికి శరీరాన్ని నీళ్లలో ఉడికించారు. అవి సెయింట్ బ్రైడ్ చర్చికి, గుండె మెల్‌రోజ్ మఠానికి చేరాయి. డగ్లస్ చిహ్నంలో ఎర్రటి గుండె అప్పటినుంచి వచ్చిందే.

ఇక వారసత్వం. జేమ్స్ కొడుకు విలియం, సవతి తమ్ముడు ఆర్చిబాల్డ్ ఇద్దరూ 1333లో హాలిడన్ హిల్ యుద్ధంలోనే పోయారు. మరో సవతి తమ్ముడు హ్యూ మతాధికారి. అతను 1342లో ఆస్తిని వదులుకున్నప్పుడు వరస ఇలా రాశారు: ముందు ఆర్చిబాల్డ్ కొడుకు విలియం, వాళ్ల మగ సంతానం పోతే బంధువు లిడెస్‌డేల్ విలియం, ఆ తర్వాత జేమ్స్‌కు పెళ్లి బయట పుట్టిన కొడుకు ఆర్చిబాల్డ్. మొదటి విలియం 1353లో రెండో విలియంను చంపేశాడు, 1358లో మొదటి డగ్లస్ ఎర్ల్ అయ్యాడు. అతని కొడుకు 1388లో ఆటర్‌బర్న్‌లో పోవడంతో, చిట్టచివర పేరున్న ఆర్చిబాల్డ్ మూడో ఎర్ల్‌గా గద్దెనెక్కాడు. ఇది నల్ల శాఖ. మొదటి ఎర్ల్‌కు తన భార్య సోదరుడి వితంతువు, ఆంగస్ కౌంటెస్ మార్గరెట్‌తో పుట్టిన జార్జి ఎర్ర శాఖకు మూలపురుషుడు. అంటే రెండు కొమ్మలూ పెళ్లి బయట పుట్టినవాళ్లవే.

1440 నవంబర్‌లో పదహారేళ్ల ఆరో ఎర్ల్‌ను, తమ్ముణ్ణి ఎడిన్‌బరా కోటకు పిలిచి, పదేళ్ల రాజు పేరుతో తలలు నరికించారు. పదవి వాళ్ల చిన్నతాతకు దక్కింది, అతనికి ముందే తెలుసన్న అనుమానం ఇప్పటికీ పోలేదు. గాలోవే భూములు మాత్రం ఆ పిల్లల చెల్లెలు మార్గరెట్‌కు పోయాయి. చిన్నతాత కొడుకు, అంటే స్టిర్లింగ్‌లో చనిపోయిన ఎనిమిదో ఎర్ల్, ఆమెనే పెళ్లాడి ఆస్తిని మళ్లీ కలిపాడు. మన వరసల ప్రకారం ఆమె అతనికి కూతురవుతుంది. అక్కడా పోప్ అనుమతి కావాల్సి వచ్చింది. పైగా అతని తమ్ముళ్లలో ఒకడు ‘మరే’కు, ఇంకొకడు ‘ఆర్మండ్’కు ఎర్ల్‌లు. వీటికి తోడు క్రాఫర్డ్, రాస్ ఎర్ల్‌లతో ఒప్పందం. దాన్ని రద్దు చేసుకోమని రాజు అడగడం, ఎర్ల్ ససేమిరా అనడం, కత్తి దూయడం వరసగా జరిగిపోయాయి.

1455 మే 1న ఆర్కిన్‌హోమ్‌లో మరే ఎర్ల్ హతుడయ్యాడు, పట్టుబడ్డ ఆర్మండ్ ఎర్ల్‌ను తర్వాత చంపేశారు. తొమ్మిదో ఎర్ల్ ఇంగ్లండ్‌కు పారిపోయాడు, ఆస్తులు జప్తయ్యాయి. రాజు పక్షాన నిలిచిన ఎర్ర శాఖకు డగ్లస్ భూములు వచ్చాయి. ఆ శాఖలోని ఆరో ఆంగస్ ఎర్ల్ 1514లో రాణి మార్గరెట్ ట్యూడర్‌ను పెళ్లాడాడు. వాళ్ల కూతురి మనవడే 1603లో ఇంగ్లండ్ సింహాసనమూ ఎక్కిన స్కాట్లాండ్ రాజు ఆరో జేమ్స్.