కార్టూన్ల బుష్ దాచేసుకున్న ఆయిల్ పెయింటింగులు

జర్మన్ కార్టూనిస్టు విల్‌హెల్మ్ బుష్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది మాక్స్, మోరిట్స్ అనే ఇద్దరు అల్లరి పిల్లలు. 1865లో వచ్చిన ఆ బొమ్మల కథ చూసే 1897లో అమెరికా పేపర్లలో ‘కాట్జెన్‌జామర్ కిడ్స్’ అనే కామిక్ మొదలైంది. ఆ బుష్‌వే వెయ్యికి పైగా ఆయిల్ పెయింటింగులు, స్కెచ్‌లు ఉన్నాయి. నవ్వించేవి కావు, తన ఊళ్లో కంటికి కనపడింది కనపడినట్టు వేసినవి. వాటిని ఆయన అమ్ముకోవాలనీ చూడలేదు, పదిమందికీ చూపించాలనీ అనుకోలేదు.

ఎందుకలా అంటే బెల్జియంలోని ఆంట్వెర్ప్ దాకా వెళ్లాలి. 1832లో వీడెన్‌జాల్ అనే పల్లెలో పుట్టిన బుష్, నాన్న మాట కాదనలేక హనోవర్‌లో మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరి, మధ్యలో వదిలేసి (మనకి బాగా తెలిసిన కథే), డ్యుసెల్‌డార్ఫ్ మీదుగా 1852లో ఆంట్వెర్ప్ చిత్రకళా అకాడమీకి చేరాడు. అక్కడ రూబెన్స్, బ్రౌవర్, టెనియర్స్, ఫ్రాన్స్ హాల్స్ లాంటి పాత మహా చిత్రకారుల బొమ్మలు చూసి మతిపోయింది. వీళ్ల ముందు నేనెంత అనే బెంగ కూడా అక్కడే పట్టుకుంది, చివరిదాకా వదల్లేదు. మరుసటి ఏడు టైఫస్ జ్వరం వచ్చి ఇంటికి తిరిగొచ్చేశాడు. తర్వాత మ్యూనిక్‌లో ‘ఫ్లీగెండే బ్లెట్టర్’ అనే హాస్యపత్రికకి బొమ్మలు వేయడం మొదలెట్టాడు. అన్నం పెట్టింది అదే, పేరు తెచ్చిందీ అదే. మాక్స్, మోరిట్స్ హక్కుల్ని మాత్రం వెయ్యి గుల్డెన్లకి పబ్లిషర్‌కి రాసిచ్చేశాడు.

రంగులు మాత్రం ఆపలేదు. తలలు నరికిన విల్లో చెట్లు, పంటచేలు, పశువుల కాపర్లు, వాగు పక్కన పచ్చిక, ఇవే మళ్లీ మళ్లీ. దాదాపు 280 బొమ్మల్లో ఎర్రకోటు ఒకటి కనిపిస్తుంది. మనిషి ముఖం కూడా సరిగ్గా తెలియదు, మట్టిరంగు పొలం మధ్యలో రెండు మూడు కుంచె దెబ్బల ఎరుపు, అంతే, కన్ను తిన్నగా అక్కడికే పోతుంది. నన్నడిగితే ఆయన బొమ్మల్లో అన్నిటికన్నా ధైర్యమైన పని అదే.

వీళ్ల ముందు నేనెంత అన్న ఆ బెంగ బొమ్మలు వేసే సామాను దగ్గర కూడా కనిపిస్తుంది. ఎగుడుదిగుడు అట్టముక్కలు, చిత్రిక పట్టని చెక్కలు, చవక రంగులు. చాలావరకు అరచేతి కన్నా కాస్త పెద్దవి, అచ్చు పుస్తకాల్లో వేసిన ఫోటోలే కొన్నిసార్లు అసలు బొమ్మ కంటే పెద్దగా ఉంటాయి. తనని ఆదరించిన యోహానా కెస్లర్ బొమ్మ ఒక్కటి మాత్రం శ్రద్ధగా కాన్వాస్ మీద వేశాడు, 63 సెంటీమీటర్లు బై 53. మిగతావి తడి ఆరకముందే ఒకదాని మీద ఒకటి పడేస్తే అతుక్కుపోయేవి. గుట్ట మరీ పెరిగితే తోటలోకి తీసుకెళ్లి తగలబెట్టేవాడు.

1908లో బుష్ పోయాకే ఈ బొమ్మల సంగతి జనానికి తెలిసింది. తేదీ వేసినవి చాలా తక్కువ కాబట్టి ఏది ముందో ఏది వెనకో తేల్చడం కష్టం. పైగా ఆ చవక రంగులు ముదిరి గోధుమరంగుకి తిరిగిపోయాయి, ఈరోజు మనం చూస్తున్న మసక ఆయన వేసింది కాదు.