ప్లాస్టిక్ దంతం లెక్కలోకి వస్తుందా? రూట్ కెనాల్ శిక్షణ వివాదానికి మూలం

దంతవైద్య విద్యార్థి పట్టా అందుకునేలోగా ఎన్ని రూట్ కెనాల్ చికిత్సలు రోగుల నోట్లోనే పూర్తి చేసి ఉండాలి, నమూనా పళ్ల మీద చేసినవాటిని కూడా ఆ కోటాలో కలపవచ్చా అన్న తగవు మళ్లీ రాజుకుంది. చాలామంది ఈ కథను 2020 నుంచి, అంటే కోవిడ్ వల్ల తుంపరలు లేచే చికిత్సలు ఆగిపోయి విద్యార్థులు ప్లాస్టిక్ పళ్లతో సరిపెట్టుకోవలసి వచ్చిన కాలం నుంచి మొదలుపెడతారు. ఆ ఏడాది తగవును పెంచిందే తప్ప పుట్టించలేదు.

అసలు మలుపు 1988లో వచ్చింది. పళ్ల వరుస సరిచేయడానికి వాడే నికెల్-టైటానియం తీగను చెక్కి చేసిన 15వ నంబరు ఫైలు (పంటి వేరులోని సన్నని కాలువను గీరి శుభ్రం చేసే సూదిలాంటి పనిముట్టు), అదే సైజు స్టీలు ఫైలు కంటే రెండు మూడు రెట్లు సులువుగా వంగుతుందని వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టైన్ ఆ ఏడాది చూపారు. అంతవరకూ వంపు తిరిగిన కాలువలో స్టీలు ఫైలు తిన్నగా పోవాలని మొరాయించి, వంపు వెలుపలి గోడను గీరి లెడ్జ్, అంటే మెట్టులాంటి అడ్డు, కట్టేది. అందుకే విద్యార్థి 10వ నంబరు ఫైలు కొసను ముందే కాస్త వంచి, గడియారానికి కీ ఇచ్చినట్టు అటూ ఇటూ తిప్పుతూ, ఎక్కడ అడ్డు తగులుతోందో వేలికొసలతో పసిగట్టడం నేర్చుకునేవాడు. 1990లలో మోటారుతో తిరిగే ఫైళ్లు వచ్చాక ఆ పని నిమిషాల్లోకి కుదించుకుపోయింది. లెడ్జ్‌లు తగ్గాయి, ఎక్స్‌రేలో కాలువను నింపే రబ్బరులాంటి గట్టాపెర్చా గీత తెల్లగా, సాఫీగా దిగింది, విద్యార్థి కేసు పుస్తకంలో గురువు సంతకం పడింది.

ఆ గీత నైపుణ్యానికి కొలమానం కావడంతోనే, దాన్ని రోగి నోట్లో గీసినా ప్లాస్టిక్ పంటిలో గీసినా ఒకటేనన్న వాదనకు చోటు దొరికింది. కానీ సూక్ష్మజీవుల్లేని ఎలుకల పంటి గుజ్జును తెరిచి వదిలేసినా అది మానిందనీ, మామూలు ఎలుకల్లో మాత్రం కుళ్లిపోయిందనీ 1965లోనే కాకేహాషీ బృందం నిరూపించింది. అంటే ఫలితాన్ని తేల్చేది సూక్ష్మజీవులే. పంటికి లాలాజలం తగలకుండా కట్టే రబ్బరు పొర (రబ్బర్ డ్యామ్) పక్కనుంచి లాలాజలం కారిందా, సూక్ష్మజీవులను చంపే హైపోక్లోరైట్ ద్రావణం కాలువలో పనిచేసేంతసేపు నిలిచిందా అన్నది ఏ ఎక్స్‌రేలోనూ కనబడదు.

నమూనా పళ్ల పక్షానిదీ తీసిపారేయదగ్గ వాదన కాదు. తొలి పొరపాటు మనిషి మీద జరగకూడదని, అందరికీ ఒకే కష్టం గల పన్ను దొరుకుతుందని వారంటారు.

అయితే సాధనకు వాడే పారదర్శకమైన రెసిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) దిమ్మెలో ఫైలు ఎటు పోతోందో కంటికే కనిపిస్తుంది. మోటారు వేడికి రెసిన్ మెత్తబడి ఫైలును పట్టేస్తుంది. పంటిలోని గట్టి పదార్థమైన డెంటిన్ అలా మెత్తబడదు. పై దవడ మొదటి మోలార్‌లో (నమిలే పెద్ద పంటిలో) డెంటిన్ అంచు కింద దాక్కునే రెండో మీసియోబక్కల్ కాలువ (చెంప వైపు ముందు వేరులోని రెండో కాలువ) రోగి రోగికీ చోటు మారుతుంది, ఒకే అచ్చులో పోసిన పంటిలో మాత్రం ఎప్పుడూ ఒక్కచోటే ఉంటుంది. గుజ్జు తీవ్రంగా వాచిన కింది మోలార్‌కు మత్తు సరిగా ఎక్కక రోగి కుర్చీలో ఉలిక్కిపడితే ఏం చేయాలో ఏ దిమ్మె మీదా నేర్చుకోలేరు.

సంఖ్యకు బదులు సామర్థ్యాన్ని కొలవాలన్న ధోరణికి ఐరోపా ఎండోడాంటాలజీ (రూట్ కెనాల్ వంటి పంటి లోపలి చికిత్సల శాస్త్రం) సొసైటీ 2013లో సవరించిన పాఠ్య మార్గదర్శకాలు బలమిచ్చాయి. చికిత్స ఫలించిందో లేదో తేల్చడానికి కనీసం ఏడాది తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీసి చూడాలన్నది అదే సొసైటీ నాణ్యతా ప్రమాణం. కోటా సంతకం మాత్రం కాలువ నింపిన రోజునే పడుతోంది.