గడప దాటిన కెమెరా

కొత్త క్యామ్‌కార్డర్ చేతికందిన రోజున దాదాపు ఎవరైనా ఇంట్లోనే మొదలుపెడతారు. బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ అయ్యేదాకా ఆగలేక కుర్చీనో, కిటికీ తెరనో, ఎదురుగా కూర్చున్న మనిషినో తీస్తారు. కెమెరాకున్న చిన్న తెర మీద అన్నీ ముచ్చటగానే ఉంటాయి. మర్నాడు మధ్యాహ్నం ఎండలో తీసిన మొదటి దృశ్యాన్ని టీవీలో పెట్టుకుని చూసినప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. చెట్టు కింద నిలబడ్డవాళ్ల ముఖాలు చీకట్లో కలిసిపోతాయి. ఆకులు ఒకదానిలో ఒకటి అలుక్కుపోతాయి. మాటలన్నిటినీ గాలి హోరు మింగేస్తుంది. నేను తీసిన మొదటి ఆరుబయటి దృశ్యం అచ్చం ఇలాగే వచ్చింది. దాన్ని చెరిపేయకుండా దాచుకున్నందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. ఎండ ఎంత తీవ్రమైనదో, మన కన్ను దాన్ని చడీచప్పుడు లేకుండా ఎంతగా సర్దుతుందో నాకు తెలిసింది ఆ దృశ్యం చూశాకే.

మీరూ ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. గదిలో రికార్డింగ్ మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా తలుపు దాటి ఎండలోకి నడవండి. తర్వాత ఆ కొద్ది సెకన్లనూ ఆపి ఆపి చూడండి. గడప దాటగానే తెర మొత్తం తెల్లబడుతుంది. కాసేపటికి వెలుగు తగ్గి రూపాలు తేలతాయి. అయినా రంగులు కుదుటపడవు, అన్నిటికీ నీలం పులిమినట్టు ఉంటుంది. మరికొన్ని సెకన్లకు ఆ నీలం మెల్లగా కరిగిపోతుంది. అదే దారిలో, అదే క్షణంలో నడిచిన మన కంటికి ఇందులో ఏదీ పట్టలేదు.

దీపం వెలిగించిన గదిలో వెలుతురు సాధారణంగా 100 నుంచి 300 లక్సులు (లక్సు అంటే వెలుతురు తీవ్రతకు కొలత) ఉంటుంది. నడి మధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల దాకా వెళ్తుంది. ఒక్క అడుగు తేడాలో వెలుగు కొన్ని వందల రెట్లు పెరిగిందన్నమాట. కంటిపాప మహా అయితే 8 మిల్లీమీటర్ల నుంచి 2 మిల్లీమీటర్లకు కుంచించుకుంటుంది. వైశాల్యం లెక్కన ఇది 16 రెట్ల తగ్గుదల మాత్రమే. మిగిలిన భారమంతా రెటీనా, మెదడు మోస్తాయి. పైగా రెటీనాలో ఒక్కో చోటు ఒక్కో తీరుగా సర్దుకోగలదు కాబట్టి నీడలోని ముఖమూ, దాని వెనక మబ్బూ ఒకే చూపులో మనకు దక్కుతాయి. కెమెరాకు ఫ్రేమంతటికీ ఒకటే ఎక్స్‌పోజర్, అంటే లోపలికి తీసుకునే వెలుగు మోతాదు. వెలుగును పట్టే సెన్సర్‌లోని ప్రతి పిక్సెల్ ఒక చిన్న గిన్నె లాంటిది. నిండిన గిన్నెలో ఇంకెంత పోసినా పొర్లిపోవడమే. అలా పొర్లిపోయిన చోట ఉన్న మబ్బును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అందుకే ఎండలో ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గించి తీయడమే నాకు మేలనిపిస్తుంది. నీడలో కొంత వివరాన్ని తర్వాతైనా పైకి లాగవచ్చు.

ఆ నీలం సంగతి వేరు. వెలుగు ఎరుపు వైపుందో నీలం వైపుందో చెప్పే కొలతను రంగు ఉష్ణోగ్రత అంటారు. అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బు వెలుగు రంగు ఉష్ణోగ్రత 2,700 కెల్విన్ల దగ్గర, మధ్యాహ్నపు ఎండది 5,500 దగ్గర ఉంటుంది. నీలాకాశం కింది నీడలో అది 8,000 కూడా దాటవచ్చు. బల్బుకు తగ్గట్టు సర్దుకుని ఉన్న కెమెరా బయటికి రాగానే లోకాన్ని నీలంగా చూస్తుంది. నీడలో తీయబోయే ముందు అదే నీడలో ఒక తెల్లకాగితం పట్టుకుని వైట్ బ్యాలెన్స్ చేస్తే, అంటే ఆ కాగితం తెల్లగానే కనిపించేలా కెమెరాను సర్దితే, చర్మం రంగు చర్మం రంగులాగే వస్తుంది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. వెలుగు దండిగా ఉన్నప్పుడు చిత్రం కత్తిలా పదునుగా రావాలి కదా? చిన్న సెన్సర్ ఉన్న కెమెరాల్లో ఒక హద్దు దాటాక అందుకు విరుద్ధంగా జరుగుతుంది. ఎండను తట్టుకోవడానికి కెమెరా తన ఐరిస్‌ను, అంటే లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రాన్ని, మూసుకుంటూ పోతుంది. రంధ్రం మరీ సన్నబడితే దానిలోంచి వచ్చే కాంతి తరంగాలు పక్కలకు విచ్చుకుంటాయి. చుక్కగా పడాల్సిన వెలుగు చిన్న బిళ్లగా పరుచుకుంటుంది. ఈ బిళ్ల గణితాన్ని 1835లో ఆంగ్ల ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ బిడెల్ ఎయిరీ వివరించాడు. ఐరిస్ ఎంత తెరుచుకుందో ఎఫ్ అంకెతో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ రంధ్రం సన్నబడుతుంది. ఆయన లెక్క ప్రకారం ఐరిస్ ఎఫ్/2 దగ్గర ఉంటే ఆకుపచ్చ కాంతి బిళ్ల వెడల్పు సుమారు 2.7 మైక్రోమీటర్లు (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎఫ్/16కు మూస్తే 21 మైక్రోమీటర్లు దాటుతుంది. చిన్న సెన్సర్లలో పిక్సెల్ వెడల్పు 2 మైక్రోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒక పిక్సెల్‌లో ఒదగాల్సిన ఆకు అంచు పది పిక్సెళ్ల మేర చెదిరిపోతుందన్నమాట. టెలిస్కోపుతో నక్షత్రాన్ని చూసే మనిషికి పనికొచ్చిన సూత్రం, పెరట్లో వీడియో తీసేవారికీ అంతే వర్తించడం నాకు ఎంతో అందంగా తోస్తుంది.

ఐరిస్‌ను అంతగా మూయకుండా ఉండాలంటే కెమెరా షట్టర్ వేగం పెంచాలి, అంటే ఒక్కో ఫ్రేము వెలుగును పీల్చుకునే కాలాన్ని తగ్గించాలి. సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు ఒక్కో ఫ్రేము సెకనులో 50వ వంతు కాలం వెలుగును పీల్చుకుంటే కదలిక సహజంగా ఉంటుంది. కుళాయి ధార సన్నని గీతలా సాగుతుంది, నడిచే కాళ్ల అంచులు కాస్త మసకబారుతాయి. అదే 2,000వ వంతుకు తగ్గిస్తే ప్రతి బొట్టూ గాజుపూసలా గడ్డకట్టి, కదలిక తుంపులు తుంపులుగా కనిపిస్తుంది. దీనికి మందు లెన్స్ ముందు బిగించే ఎన్‌డీ ఫిల్టర్. రంగు మార్చకుండా వెలుగును మాత్రమే కోసే నల్లద్దం అది. ఎన్‌డీ8 రకం ఎనిమిదో వంతును మాత్రమే లోపలికి పంపుతుంది. అదనపు బ్యాటరీ, సంచీ లాంటివాటికన్నా ముందు కొనవలసింది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

ఇక అలుక్కుపోయిన ఆకులు. వాటిలో కొంత తప్పు ఐరిస్‌ది, కొంత వీడియోను కుదించే పద్ధతిది. సోనీ, పానసోనిక్ కలిసి 2006లో తెచ్చిన ఏవీసీహెచ్‌డీ అనే వీడియో ఫార్మాట్‌నే తీసుకోండి. 1920×1080 చిత్రాన్ని సెకనుకు 25 ఫ్రేముల చొప్పున కుదించకుండా దాచాలంటే సెకనుకు 600 మెగాబిట్లకు పైగా కావాలి. ఆ ఫార్మాట్ మొదట్లో అనుమతించిన గరిష్ఠం 24 మెగాబిట్లు. అందుకని ముందు ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య మారినదాన్నే రాసుకుంటుంది. గోడ మారదు, చెట్టు మాను మారదు. గాలికి ఊగే కొమ్మలో వేల ఆకులు, ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు. నా దృశ్యంలో గాలి విసిరినప్పుడల్లా కొమ్మలు పచ్చటి ముద్దలా మారాయి. మాను బెరడులో పగుళ్లు మాత్రం లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. గాలి తగ్గగానే ఒక్కో ఆకుకూ మళ్లీ అంచు మొలిచింది.

హోరు కూడా ఆ గాలిదే. మైకు ముందు గాలి సుడులు తిరుగుతూ దాని పొరను నేరుగా నెడుతుంది. మైకుకు బొచ్చు తొడుగు వేస్తే ఆ సుడులు వెంట్రుకల్లో చిక్కి నీరసపడతాయి, శబ్దం మాత్రం లోపలికి చేరుతుంది.

పని అయ్యాక కెమెరా ఆపకుండానే అదే తలుపులోంచి లోపలికి రండి. ఈసారి గది చీకటి గుహలా మొదలై, నారింజ రంగు దాటి, నెమ్మదిగా తేరుకుంటుంది. అప్పుడు గోడను దగ్గరగా చూడండి. సన్నని ఇసుక కదులుతున్నట్టు ఉంటుంది. దానిలో కొంత సెన్సర్ సర్క్యూట్లది, చాలావరకు వెలుగుదే. కాంతి కణాలు వానచినుకుల్లా ఒక క్రమం లేకుండా పడతాయి. ఒక పిక్సెల్‌లో 10,000 కణాలు పడే చోట హెచ్చుతగ్గులు 100 దాకా, అంటే నూటికి ఒకటి. 100 కణాలే పడే చోట హెచ్చుతగ్గులు 10, అంటే నూటికి పది. ఎండలో కంటికి ఆనని ఈ చినుకుల అలజడి, మసక వెలుతురులో గోడ మీద గింజ గింజగా కనిపిస్తుంది.