తేదీలు తెలియకపోతేనేం, నాయనమ్మనే ముందు అడగండి

"మా అత్తగారికి తాను పుట్టిన ఏడే తెలియదండీ, పిల్ల ఆవిణ్ణి ఏం అడుగుతుంది?" వేసవి సెలవుల్లో పిల్లలచేత వంశవృక్షాలు రాయిస్తుంటాను. ఈ మాట వినని ఏడు లేదు.

అపోహ: పెద్దవాళ్లకు తేదీలు తెలియవు. కాగితాల్లోనే నిజం ఉంటుంది.

వాస్తవం: వాళ్లకు తేదీలు కాదు, జరిగినవి గుర్తుంటాయి. గోదావరి పక్కన పుష్కరాలు: 1967, 1979, 1991. తెలంగాణలో నిజాం పాలన ముగిసిన పోలీసు చర్య: 1948 సెప్టెంబరు. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన. ఆ వైపు నుంచి వచ్చిన ఏడో తరగతి పిల్ల "నాన్న ఎప్పుడు పుట్టాడు?" అని అడిగితే వాళ్ల నాయనమ్మ తెలియదంది. "ఉప్పెనప్పుడు నాన్న ఎంతవాడు?" అని అడగమన్నాను. "ఇంకా ఎక్కడే? కడుపులో ఉన్నాడు, ఐదో నెల" అందావిడ. పిల్ల వేళ్లమీద లెక్కపెట్టి 1978 మార్చి, ఏప్రిల్ అని తేల్చింది. సర్టిఫికెట్‌లో ఉన్నది 1976 జూన్ 1! బడిలో వేసేటప్పుడు ఐదేళ్లు నిండినట్టు లెక్కగట్టి వేసిన తేదీ అది. జూన్‌లో పుట్టినరోజున్న పెద్దవాళ్లు మీ ఇంట్లోనూ ఉంటారు, చూడండి.

నేనూ కాగితాల వెంటే పడ్డాను. రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగేలోపు తాతయ్య పోయాడు. ఊరి భూముల లెక్క రాసే అడంగల్‌లో ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, సర్వే నంబరు దొరికాయి. ఆయన తల్లి పేరు ఏ కాగితంలోనూ లేదు. అది తెలిసిన చివరి మనిషి ఆయనే. ఒక్క పూట పక్కన కూర్చుని అడిగి ఉంటే సరిపోయేది.

ఒకే ఇంటిపేరైతే ఒకే వంశమా? కాదు. చాలా ఇంటిపేర్లు ఊరిపేర్లే. ఒకే ఊరు వదిలొచ్చిన వేర్వేరు కులాలవాళ్లకూ అదే ఇంటిపేరు ఉంటుంది. ఇంటిపేరు చూసి మూలపురుషుణ్ణి చెప్పేసే వాట్సాప్ సందేశాలను దయచేసి పిల్లల చేతికివ్వకండి. అమ్మ వైపు అక్కర్లేదనే వాళ్లకు ఒకటే మాట: సగం చెట్టు అటే ఉంది.

పాతవి తవ్వితే ఇంట్లో బాధలు రేగుతాయన్న భయం మాత్రం నాకు అర్థమవుతుంది. దత్తతలు, రెండో పెళ్లిళ్లు, చిన్నప్పుడే పోయిన బిడ్డలు, అన్నీ ఉంటాయి. పెద్దవాళ్లు చెప్పనన్నచోట ఆ గడి ఖాళీగా వదిలెయ్యమంటాను, మళ్లీ అడగొద్దంటాను. అలా వదిలేసిన గడి చూసి ఒక మామ్మగారు మర్నాడు మనవణ్ణి తానే పిలిచి, రెండేళ్లకే పోయిన పెద్దకూతురి పేరు చెప్పారు. వాడు పేరు రాసి, కింద "పెద్దత్త" అని చేర్చాడు.