బయానా ఇచ్చే ముందు: కొత్త సంఘం మొదలుపెట్టేవారి అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో మళ్లీ ఒక తమ్ముడు వచ్చాడు. బైబిల్ ట్రైనింగ్ పూర్తయి ఏడాది కాలేదు, పెళ్లయి ఆరు నెలలు. "వందనాలు అయ్యగారూ! దేవుడు స్థలం చూపించాడు. ఐదు సెంట్లు. బయానా ఇచ్చేశాను, ప్రార్థన చేయండి" అన్నాడు. ఆ ఊళ్లో ప్రార్థనకి ఎంతమంది వస్తున్నారని అడిగాను. ఇంకా మొదలుపెట్టలేదన్నాడు.

ఇరవై ఏళ్లుగా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పరిచర్య చేస్తున్నాను. కొత్తగా సేవ మొదలుపెట్టే యౌవనస్థులతో కూర్చుని ప్లాన్ వేయించడం కూడా నా పనే. ఇన్నేళ్లలో ఈ మాట విన్నన్నిసార్లు ఇంకేదీ వినలేదు.

అపోహ: స్థలం కొని మందిరం కడితే జనం వాళ్లే వస్తారు.

రారు. కొత్త మందిరం చూద్దామని వచ్చినవాళ్లు మూడు ఆదివారాలు వచ్చి మానేస్తారు. పిల్లాడికి జ్వరం వచ్చిన రాత్రి మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసిన మనిషి ఉన్నాడే, ఆయన కోసం వచ్చినవాళ్లు నిలబడతారు.

నాకు తెలిసిన ఒక సేవకుడు 4 లక్షలు అప్పు తెచ్చి పని మొదలుపెట్టాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకి 8 వేలు. సంఘంలో పదకొండు కుటుంబాలు, అందరూ కూలికి వెళ్లేవాళ్లే. ఆదివారం కానుక 1,500 దాటదు, నెలంతా కలిపినా 6 వేలు. వడ్డీకే చాలదు, ఇక ఇల్లెలా గడవాలి? నేను వెళ్లేసరికి పిల్లర్లు లేచి ఆగిపోయి ఉన్నాయి, పైన ఊచలు తుప్పు పట్టాయి. ఒక నోటుబుక్కు చూపించాడు. ముందువైపు నుంచి ప్రసంగాల నోట్సు, వెనకవైపు నుంచి వడ్డీ తేదీలు. రెండూ మధ్య పేజీల్లో కలుస్తున్నాయి.

ప్రసంగాలూ అలాగే అయిపోయాయి. ప్రతి ఆదివారం కట్టడం కానుక కవర్లు పంచేవాడు. ఒక ముసలమ్మ రావడం మానేసింది. వాళ్లింటికి వెళ్లి అడిగితే, "ఖాళీ కవరు చేతికివ్వాలంటే సిగ్గేస్తుంది అయ్యా" అంది. రెండో క్రిస్మస్‌కి మిగిలింది నాలుగు కుటుంబాలు. అప్పు ఎలాగో తీరుతుంది. ఆ ముసలమ్మను మళ్లీ తీసుకురావడానికి నాకు, మా అమ్మగారికి ఏడాది పట్టింది.

ముందు గుడి కడితేనే జనం అని మెదక్ చర్చి చూపించి వాదించేవాళ్లున్నారు. అక్కడా ముందు వచ్చింది మనుషులే, కట్టడం ఎన్నో ఏళ్ల తర్వాత. మిషనరీ పాస్నెట్ దొర మెదక్ వచ్చింది 1897లో, ఆ చర్చి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబరు 25న. డోర్నకల్‌లో అజరయ్య గారు బిషప్ అయింది 1912లో, కెథడ్రల్ ప్రతిష్ఠ 1939లో. ఒంగోలులో 1867 జనవరి 1న మిషనరీ క్లౌ దొర సంఘం స్థాపించినప్పుడు ఉన్నది ఎనిమిది మంది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని అందరూ చెబుతారు. దానికి ముందు యర్రగుంట్ల పేరయ్య లాంటి స్థానిక సువార్తికులు ఊరూరా తిరిగిన ఏళ్లు, కరువులో బకింగ్‌హాం కాలువ పనుల దగ్గర కూలీల మధ్య గడిచిన రోజులు ఎవరూ చెప్పరు.

అపోహ: ప్లాన్ వేసుకోవడమంటే విశ్వాసం లేకపోవడమే.

గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే. మొదటి సంఘాలు ఇళ్లలోనే కూడుకున్నాయి. ఎఫెసులో పౌలు రెండేళ్లు బోధించింది తురన్ను అనే ఆయన పాఠశాలలో. అది ఇంకొకరి చోటు.

నేను ముందు వేయించే ప్లాన్‌లో ఇటుక ఉండదు. ఊళ్లో ఏ పేటలో ఎన్ని ఇళ్లు, ఇప్పటికే ఉన్న సంఘాలు ఏవి, జనం ఏ టైముకి ఇంట్లో ఉంటారు అన్నది మొదటి పేజీ. ఈ చివరిది నేను కష్టపడి నేర్చుకున్నాను. నా మొదటి ఊళ్లో ఆదివారం పదింటికి ఆరాధన పెట్టాను. ఫిబ్రవరి వచ్చేసరికి ఒక తాతగారు తప్ప ఎవరూ లేరు. విశ్వాసం చల్లారిందని ఏడ్చి ఉపవాసం ఉన్నాను. తీరా చూస్తే మిరపకోతలు. ఆదివారమైనా చేలోనే ఉంటారు. రాత్రి ఏడున్నరకి ఒక టైలర్ గారి వరండాలో పెడితే పదహారు మంది వచ్చారు. చేతులు మండుతున్నాయని ఒక తల్లి పాటల పుస్తకాన్ని కొంగుతో పట్టుకుని పాడింది. ఆ వరండాలోనే మూడేళ్లు కూడుకున్నాం.

రెండో పేజీలో మీ ఇంటి ఖర్చు, పద్దెనిమిది నెలలకి. ఇది భార్యతో కలిసి రాయాలి. ఆ తమ్ముడి భార్య వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "అయ్యగారూ, ఈయన ఉద్యోగం చేసుకుంటూ సేవ చేస్తే తప్పా?" అని అడిగింది. తప్పు కాదమ్మా. పౌలు డేరాలు కుట్టాడు. మీ భయం అవిశ్వాసం కాదు.

కట్టడం ఎప్పుడంటారా? సంఘం కానుకలతోనే ఏడాది పాటు అద్దె, కాపరి ఇల్లు గడిచాక. అదీ అప్పు లేకుండా, ముందు రేకుల షెడ్డు.

మిగతావి త్వరగా చెబుతాను.

రిజిస్ట్రేషన్ లేకపోతే ఇంట్లో ప్రార్థన పెట్టుకోకూడదన్నది పుకారు. వాట్సాప్‌లో ఎవరో పెడతారు, వంద మంది భయపడతారు. నలుగురు ఇంట్లో కూర్చుని ప్రార్థించడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన హక్కు అది. సంఘం పేరున ఆస్తి, బ్యాంకు ఖాతా కావాలంటే మాత్రం రిజిస్ట్రేషన్ చేయించండి. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. స్థలం కాపరి సొంత పేరున అసలు వద్దు. రేపు కాపరి పోతే వారసులకీ సంఘానికీ మధ్య కోర్టు కేసు మిగులుతుంది.

విదేశాల నుంచి స్పాన్సర్ వస్తాడన్నది ఇంకో ఆశ. ఎఫ్‌సీఆర్‌ఏ అంటే విదేశీ విరాళాల చట్టం. దాని కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ విదేశీ విరాళం తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా ఆ డబ్బును ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. "మా ఖాతాలో వేయించుకోండి, మీకిస్తాం" అనేవాళ్లను నమ్మకండి.

ఆర్డినేషన్, అంటే కాపరిగా అభిషేకం, అయితే పెళ్లిళ్లు చేసేయొచ్చనుకుంటారు. స్వతంత్ర సంఘాల కాపరులకు 1872 క్రైస్తవ వివాహాల చట్టం కింద ప్రభుత్వ లైసెన్సు కావాలి. మైకుకి రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా వాడకూడదు. పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్లలుంటే పదికి ముందే ఆపేయండి.

ఆ తమ్ముడితో కలిసి స్థలం అమ్మే ఆయన దగ్గరికి వెళ్లాను. పెద్దమనిషి, బయానాలో సగం తిరిగిచ్చాడు. ఆ డబ్బుతో ఊళ్లో చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నారు. బుధవారం సాయంత్రం మొదటి కూడిక. ఎదురింటి ఆవిడ, వాళ్లత్తగారు వచ్చారట.