డయాలసిస్ ఊరికే, దారి ఖర్చు మాత్రం మనదే: కొన్ని అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక ప్రభుత్వ డయాలసిస్ యూనిట్‌లో టెక్నీషియన్‌ని. రోజంతా మిషన్ల దగ్గరే ఉంటాను కానీ, పేషెంట్లు నాతో ఎక్కువగా మాట్లాడేది రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ గురించి కాదు, ఆటో గురించి. కవిటి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన ఓసారి అన్నాడు: "వైజ్జం ఊరకే బాబూ, దారే కొనుక్కుంతన్నాం." ఈ దారి ఖర్చు గురించి పేషెంట్ల ఇళ్లలోనూ, సాయం చేద్దామని వచ్చే దాతల్లోనూ కొన్ని అపోహలున్నాయి. నాకు తెలిసినంత మేర రాస్తున్నాను.

అపోహ: 108కి ఫోన్ చేస్తే డయాలసిస్‌కి తీసుకెళ్తారు.

తీసుకెళ్లరు. అది వాళ్ల తప్పు కాదు. 2005 ఆగస్టు 15న మొదలైనప్పటి నుంచీ 108 అత్యవసరాలకే. వారానికి మూడు రోజులు ముందే తెలిసిన ప్రయాణం అత్యవసరం కిందికి రాదు. అయితే రెండు డయాలసిస్‌లు మానేసి, ఒళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడని మనిషి విషయం వేరు. అక్కడ మొహమాటపడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

అపోహ: 102 బండి అందరిదీ.

అది తల్లీబిడ్డల బండి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద గర్భిణిని ఆసుపత్రికి తేవడం, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, కాన్పయ్యాక ఇంటి దగ్గర దించడం, అన్నీ ఉచితం. కిడ్నీ పేషెంట్‌కి అలాంటి బండి లేదు.

అపోహ: ఆడవాళ్లకి బస్సు ఉచితం చేశారు కదా, ఇంకేం ఖర్చు?

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు 9నే వచ్చింది. మంచిదే, మా ఆడ పేషెంట్లకి కొంత భారం తగ్గింది. కానీ మా దగ్గర మగ పేషెంట్లు చాలామంది. తోడు వచ్చిన భార్యకి సున్నా టికెట్ కొట్టి, జబ్బు మనిషి దగ్గర డబ్బులు తీసుకుంటాడు కండక్టర్. పైగా బస్సు మెయిన్ రోడ్డు వరకే. అక్కడి నుంచి ఇంటికి ఆటో ఎక్కాల్సిందే.

అపోహ: పింఛను పదివేలు వస్తోంది, దారి ఖర్చు అందులోనే సర్దుకోవచ్చు.

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. డయాలసిస్ పేషెంట్లకి మన రాష్ట్రంలో నెలకి 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. వారానికి మూడుసార్లంటే నెలకి 13 సార్లు మిషన్ ఎక్కాలి. షేర్ ఆటోలో మనిషికి 40 రూపాయలనుకుందాం. పేషెంట్, తోడు మనిషి కలిసి వెళ్లిరావడానికి 160. నెలకి 2,080. ఇది భరించొచ్చు. అదే ఆటో మాట్లాడుకుని వస్తే, రాకపోకలకి 600 చొప్పున నెలకి 7,800. పింఛనులో మిగిలేది 2,200. బయట కొనే మందులు, తిండి అన్నీ అందులోంచే. తోడు వచ్చినవాళ్లకి ఆ రోజు జీడిపిక్కల పని పోతుంది, ఆ కూలి ఏ లెక్కలోకీ రాదు.

అయితే షేర్ ఆటోలోనే రావొచ్చు కదా అంటారు. రావడానికి రావొచ్చు, తిరిగి వెళ్లడమే కష్టం. నాలుగు గంటల్లో ఒంట్లోంచి రెండు మూడు లీటర్ల నీరు తీసేస్తాం. బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, సూదులు తీసినచోట రక్తం ఆగేదాకా నొక్కి పట్టుకోవాలి. అలాంటి మనిషి పదిమంది ఇరుక్కున్న ఆటోలో ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేత్తో కడ్డీ పట్టుకుని వేలాడితే, మర్నాడు ఆ ఫిస్టులా పనిచేస్తుందో లేదో చెప్పలేం. ఇక మూడో షిఫ్టు ముగిసేసరికి రాత్రవుతుంది. ఆ వేళకి షేర్ ఆటోలే ఉండవు.

అపోహ: పేషెంట్ల కోసం మినీ బస్సు పెడితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

దాతలు వచ్చినప్పుడల్లా ఇదే మాట. వేళ్ల మీద లెక్క వేసి చూపిస్తాను. ఊళ్లు తిరిగి ఆసుపత్రికి వచ్చి, మళ్లీ దించి వెళ్లడానికి మొత్తం 60 కిలోమీటర్లు. లీటరుకి 12 ఇస్తే 5 లీటర్లు. లీటరు 100 అనుకుంటే డీజిల్ 500. డ్రైవరుకి 700, ఇన్సూరెన్స్, టైర్లు, రిపేర్లకి రోజుకి ఓ 300 పక్కన పెట్టుకుంటే మొత్తం 1,500. ఎనిమిది మంది పేషెంట్లుంటే ఒక్కొక్కరికి 187 రూపాయలు, అదీ ఇంటి గుమ్మం నుంచి. ముగ్గురే ఉంటే 500. పేషెంట్లని ఆసుపత్రిలో దించేసి ఖాళీగా వెళ్లి, మళ్లీ ఖాళీగా వస్తే ఇంకో 60 కిలోమీటర్లు, ఇంకో 500. అందరూ ఒకే బండిలో వస్తే ఎనిమిది మందికి ఎనిమిది మంది తోడూ అక్కర్లేదు, ఇద్దరు చాలు.

అంటే బండి ఖరీదు కాదు, ఖాళీ సీట్లూ ఖాళీ కిలోమీటర్లూ ఖరీదు. అవి ఎంతన్నది బండి ఓనరు చేతిలో లేదు, మా షిఫ్టు రిజిస్టర్‌లో ఉంది. ఒకే దారిలో ఉన్న ఊళ్ల వాళ్లు ఒకరు సోమవారం మొదటి షిఫ్టులో, ఇంకొకరు మంగళవారం మూడో షిఫ్టులో ఉంటే ఏ బండీ గిట్టుబాటు కాదు. స్లాట్ ఇచ్చేటప్పుడు ఖాళీ ఎక్కడుందో చూస్తాం కానీ, ఊరు చూడం. నేనూ ఏళ్ల తరబడి అలాగే రాశాను.

అపోహ: రైల్లో రాయితీలు కరోనాతో పోయాయి.

2020 మార్చిలో ఆగింది వృద్ధుల రాయితీ. డయాలసిస్‌కి వెళ్లే కిడ్నీ పేషెంట్‌కీ, తోడుగా ఒకరికీ సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీలో 75 శాతం రాయితీ ఇప్పటికీ ఉంది. విశాఖ వెళ్లాల్సి వచ్చినప్పుడు వాడుకోండి. రైల్వే వాళ్ల ఫారంలో డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర ఉండాలి. ఆ ఫారంతో స్టేషన్ కౌంటర్‌కి వెళ్లి టికెట్ తీసుకోవాలి.

ఈ మధ్య ఒకే రోడ్డు మీదున్న ఐదుగురిని అడిగి, ఒప్పించి, మంగళ, గురు, శనివారాల మొదటి షిఫ్టుకి మార్చాం. వాళ్లే ఒక టాటా మ్యాజిక్ బండిని నెలకి మాట్లాడుకున్నారు. ఒకాయన మాత్రం ఒప్పుకోలేదు. పొద్దున్నే ఆవుకి పాలు పితకాలట. ఆయన ఇప్పటికీ రెండో షిఫ్టుకే, తన ఆటోలోనే వస్తాడు.